గాలి పోయిందని నమ్మకు, అమ్మడూ

అమ్మడూ,

రోబో చేతికి గాలి సిలిండర్లు, అదే గాలి ఒత్తిడితో రాడ్‌ని తోసేవి, బిగిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముప్పై ఏళ్ళు వాటితోనే బతికినవాణ్ణి. మన ఇంట్లో ఇంకొకరు వాటిని పట్టుకుంటున్నారంటే భలే సంతోషమేసింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కొనాల్సినవి నీకు తెలిసే ఉంటాయి, అన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి. ట్యూబ్‌ని కట్టర్‌తో తిన్నగా కొయ్యి, వంకరగా తెగితే ఫిట్టింగ్ దగ్గర లీకవుతుంది. గాలి దారి మార్చే వాల్వ్‌ని కరెంటుతో కదిలించే కాయిల్‌ని ఆర్డుయినో కంట్రోల్ బోర్డుకి నేరుగా కలపకు. మధ్యలో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్, కాయిల్ ఆగినప్పుడు పుట్టే ఎదురు ఓల్టేజీని ఆపడానికి కాయిల్‌కి డయోడ్ ఉండాలి.

ట్యాంకు కోసం పీవీసీ నీళ్ళ పైపు వాడుతున్నావట! ఇవాళే తీసెయ్. నీళ్ళున్న పైపు పగిలితే ప్రెషర్ వెంటనే పడిపోతుంది. గాలి అలా కాదు, ఒక్కసారిగా విచ్చుకుని పెచ్చుల్ని మొహం మీదికి విసురుతుంది. గాలి కోసమే చేసిన చిన్న ట్యాంకు కొను, డబ్బులు నేనిస్తాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1994లో జీడిమెట్లలో ప్యాకింగ్ మెషిన్ల మీద పని చేస్తున్నాను. ఒక రాత్రి షిఫ్టులో సిలిండర్ ముందు అట్టపెట్టె ఇరుక్కుంది. లైన్‌లో బాల్ వాల్వ్ మూశాను, కరెంటు తీశాను. పక్కనున్న హెల్పర్ కుర్రాడితో "గాలి లేదు, తియ్యరా" అన్నాను. వాడికి పంతొమ్మిదేళ్ళు. నా మాట నమ్మి చెయ్యి పెట్టి పెట్టెను లాగాడు. రాడ్ దూసుకొచ్చింది.

బాల్ వాల్వ్ మూస్తే కొత్త గాలి రాదు, అంతే. లోపలున్నది ఎక్కడికీ పోదు. ఆ మెషిన్‌ది రెండు కాయిల్స్ వాల్వ్, కరెంటు తీసినా ఉన్నచోటే ఉంటుంది. రాడ్‌ని ఆపుతున్నది ఇరుక్కున్న ఆ పెట్టె ఒక్కటే. రెండు వేళ్ళ కొసలు నలిగిపోయాయి. ఆసుపత్రిలో వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నీది 16 ఎంఎం బోర్ (లోపలి వెడల్పు) సిలిండరే కావచ్చు. 5 బార్ ప్రెషర్ దగ్గర అది కూడా పది కిలోల బలంతో తోస్తుంది. అందుకే మామూలు బాల్ వాల్వ్ వద్దు, 3/2 హ్యాండ్ స్లైడ్ వాల్వ్ (చేత్తో జరిపేది, మూడు దారులు, రెండు స్థానాలు) పెట్టు. అది మూస్తే అవతల లైన్‌లో ఉన్న గాలి కూడా బయటికి పోతుంది. గేజ్ సున్నా చూపించాలి, రాడ్ చేత్తో తోస్తే తేలిగ్గా కదలాలి. అప్పుడే వేళ్ళు పెట్టు. మళ్ళీ గాలి ఎక్కించేటప్పుడు ఇంకో ప్రమాదముంది. వేగం తగ్గించే ఫ్లో కంట్రోల్ బయటికెళ్ళే గాలిని పట్టి ఆపుతుంది. లోపల గాలే లేనప్పుడు ఆపడానికేముంది? మొదటి స్ట్రోక్ బాణంలా వస్తుంది. రెగ్యులేటర్‌తో ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టు, మొహం దూరంగా ఉంచు. నీ టీమ్‌లో అందరికీ చెప్పు.

నీకు ఐదేళ్ళప్పుడు నా సైకిల్ పంపు మూతిని వేలితో మూసి, "మామయ్యా, లోపల ఎవరో తోస్తున్నారు" అనేదానివి. ఆ వేలే రాత్రంతా కళ్ళ ముందు కనబడింది.

మీ అమ్మతో స్లైడ్ వాల్వ్ పంపిస్తున్నాను. దాని మీద బాణం గుర్తుంటుంది. అది సిలిండర్ల వైపు ఉండాలి, తిరగేసి పెడితే సిలిండర్ల వైపు గాలి బయటికి పోదు. బిగించాక ఫోటో తీసి పంపు, నేను చూశాకే గాలి ఎక్కించు.

మామయ్య