మన డాబా మీంచి ఏ నెబ్యులా, ఏ గెలాక్సీ కనిపిస్తుందో ముందే లెక్కేసుకోవడం

హైదరాబాద్‌లో ఉంటూ 6 అంగుళాల టెలిస్కోపు కొన్నారు. మెస్సియే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పేరుతో ఉన్న నెబ్యులాలు, గెలాక్సీలు, నక్షత్ర గుంపుల జాబితాలోని 110లో (ఎం 1 నుంచి ఎం 110 వరకు) మీ డాబాకి అందేవి ఎన్ని అని అడిగారు.

అక్షాంశం మాత్రమే చూస్తే అన్నీ అందుతాయి! మీ అక్షాంశానికీ (మనకు 17.4), ఆ వస్తువు డెక్లినేషన్‌కీ (ఆకాశంలో అక్షాంశం లాంటిది, దక్షిణం వైపుకి మైనస్) ఉన్న తేడాను 90లోంచి తీసేయండి. అది ఎక్కగల గరిష్ఠ ఎత్తు వచ్చేస్తుంది. అన్నిటికంటే దక్షిణాన ఉన్న ఎం 7 (మైనస్ 34.8), ఉత్తరాన ఉన్న ఎం 82 (69.7) రెండూ మనకు దాదాపు 38 డిగ్రీల ఎత్తుకు వస్తాయి. మెస్సియే ప్యారిస్‌లో కూర్చుని చూశాడు కాబట్టి దక్షిణం వైపు ఆయన కంటే మనమే అదృష్టవంతులం.

అసలు తంటా ఊరి వెలుగుతో. మా ఇల్లు కొంపల్లిలో. దక్షిణం వైపు హైదరాబాద్ మొత్తం పసుపుగా కాలుతుంటుంది. మార్చిలో రాత్రి పదిన్నరకు ఎం 81, 82 గెలాక్సీలు ఉత్తరాన మసకగానైనా దొరికాయి. దక్షిణాన ఉండే ఒమెగా సెంటారీ అనే నక్షత్ర గుంపు కోసం మాత్రం రెండు వేసవులు వెతికి ఓడిపోయాను. అది ఇక్కడ 25 డిగ్రీలే ఎక్కుతుంది, పైగా పక్కింటి వాటర్ ట్యాంకు ఒకటి. చివరికి మే నెలలో ఒంగోలు దగ్గర మా ఊళ్లో రాత్రి పదింటికి, బైనాక్యులర్స్‌లోనే దూదిపింజలా కనిపించింది. అక్కడ ఎత్తు పెరిగింది రెండు డిగ్రీలే, కానీ దక్షిణాన పొలాలు, చీకటి. కాబట్టి ముందు డాబా ఎక్కి ఏ దిక్కు ఎంతవరకు మూసుకుపోయిందో చూడండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు.

మాగ్నిట్యూడ్ (వస్తువు ఎంత కాంతిగా ఉందో చెప్పే) అంకెను గుడ్డిగా నమ్మకండి. ఎం 33 గెలాక్సీది 5.7, ఎం 57 నెబ్యులాది 8.8. అంకె తక్కువైతే కాంతి ఎక్కువ కదా అని నేను ఎం 33 వెంటపడి మెడ నొప్పి తెచ్చుకున్నాను. దాని కాంతంతా రెండు పున్నమి చంద్రుళ్ల పొడవును మించి పరుచుకుని ఉంటుంది, సిటీలో కరిగిపోతుంది. ఎం 57 చిన్నది, కాంతి ఒకచోటే ఉంటుంది, అందుకే డాబా మీంచి కూడా ఉంగరంలా కనిపిస్తుంది.

ఇక నెలల లెక్క. నక్షత్రాలు రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు 2 గంటలు. ధనుస్సులోని ఎం 8 నెబ్యులా అర్ధరాత్రి సరిగ్గా దక్షిణాన, తన గరిష్ఠ ఎత్తుకు వచ్చేది జూన్ చివర్లో, అప్పటికి మనకు మబ్బులు. నేనైతే ఏప్రిల్ అమావాస్యకు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. నిద్ర చెడగొట్టుకోలేకపోతే అక్టోబరులో చీకటి పడగానే నైరుతిలో పట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే స్టెల్లేరియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరు, తేదీ, సమయం పెడితే ఇదంతా కనిపిస్తుంది. అందులో కాంతి కాలుష్యం సెట్టింగు కూడా మార్చుకోండి, లేకపోతే అది చూపించే ఆకాశం మీ డాబాది కాదు.

మీ ఇల్లు ఊరికి ఏ వైపు ఉందో రాస్తే, ఈ నెలకు ఓ పది పేర్లు ఇస్తాను.