పీఎఫ్ డబ్బుని అక్కడే ఉండనివ్వండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటున్నాం. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఏడేళ్లు పనిచేశాను. జీతం 19,500, అందులో బేసిక్ 15,000. తాగి డ్యూటీకి వస్తున్నానని, లీవులు ఎక్కువయ్యాయని ఆగస్టు నెలాఖరులో రాజీనామా రాయించుకున్నారు. రెండేళ్ల కిందట డాక్టర్ బైపోలార్ (మూడ్ ఒకసారి మితిమీరి పైకి లేచి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) అన్నారు. మందులు కొన్నాళ్లు వాడి ఆపేశాను. ఇప్పుడు రోజూ తాగుతున్నాను. మూడ్ పైకి లేచిన రోజుల్లో బైక్ కొన్నాను, స్నేహితులకు చేబదుళ్లు ఇచ్చాను. మాల వేసుకుంటే తాగుడు దానంతట అదే పోతుందని మా బావమరిది అంటున్నాడు. వైద్యానికి ఎంతవుతుందోనని భయం. ఎల్‌ఐసీ పాలసీ ఒకటి ఉంది. మా ఆవిడకు ప్రైవేటు స్కూల్లో 9,500 వస్తుంది, అమ్మకు 4,000 పింఛను. ఈఎంఐలు కాకుండా ఇంటి ఖర్చు 18,500. బ్యాంకులో నగలు కుదవ పెట్టి తెచ్చింది 1,40,000, క్రెడిట్ కార్డు 68,000, లోన్ యాప్‌లకు 22,000, బైక్ ఈఎంఐ నెలకు 4,200. పీఎఫ్‌లో 2,30,000 దాకా ఉంది. అదంతా తీసి అప్పులు కట్టేస్తే నెత్తి మీద బరువు దిగుతుందా? తాగుడు మానేస్తే నెలకు 4,500 మిగులుతుంది. ఒక్కోసారి ఇన్ని అప్పులతో బతికి ఏం లాభం అనిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యానికి ముందు జవాబు చెబుతాను. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఏ వేళైనా సరే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోన్ లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ మాట మీ ఆవిడకు కూడా చెప్పండి. మీ అప్పుల మొత్తం నేను కూడి చూశాను. రెండు మూడేళ్లలో తీరే అప్పే ఇది.

ఇక పీఎఫ్. ఇప్పుడు మొత్తం తీయకండి. ఉద్యోగం పోయినవాళ్లు 75 శాతం వరకు తీసుకోవచ్చు, నిజమే. కానీ మూడ్ పైకి లేచిన రోజుల్లో బైక్ కొన్నానని, స్నేహితులకు చేబదుళ్లు ఇచ్చానని మీరే రాశారు. మందులు ఆపేసి, రోజూ తాగుతూ ఉన్న మనిషి ఖాతాలో ఒక్కసారిగా లక్షా డెబ్బై వేలు పడితే అప్పుల దాకా ఎంత చేరుతుందో మీకూ తెలుసు. పీఎఫ్‌లో ఉన్న డబ్బు ఫోన్‌పేలో వేలు నొక్కితే పోదు. ఈ ఏడాదికి మీకు దానికి మించిన బీరువా లేదు. కొత్తగా జమ పడకపోయినా వడ్డీ వస్తూనే ఉంటుంది. 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. పెన్షన్ వాటా జోలికి అసలు వెళ్లకండి. మీకు ఏడేళ్లు అయ్యాయి. ఇంకెక్కడైనా మూడేళ్లు చేస్తే పదేళ్ల సర్వీసు నిండి, 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్‌కు అర్హత వస్తుంది.

మరి ఇల్లు ఎలా నడవాలి? గ్రాట్యుటీతో, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తంతో. మీరు దాని ఊసే ఎత్తలేదు. రాజీనామా చేసినా ఐదేళ్లు దాటితే అది మీ హక్కు. 15,000ని 26తో భాగించి, 15 రోజులతో, ఏడేళ్లతో హెచ్చిస్తే 60,577 రూపాయలు. తాగి వచ్చారు కాబట్టి ఇవ్వం అని ఎవరైనా నోటి మాటగా అంటే ఒప్పుకోకండి. కంపెనీకి నష్టం కలిగించడం, కొట్లాటకు దిగడం లాంటి కారణాలతో ఉద్యోగం నుంచి తీసేస్తేనే దాన్ని ఆపడానికి చట్టం వీలిస్తుంది. మీ చేత రాయించుకున్నది రాజీనామా. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి.

లెక్క చూడండి. ఇంటికి వచ్చేది 13,500, ఖర్చు 18,500, నగల లోన్ వడ్డీకి సుమారు 1,200. బైక్ ఈఎంఐ కలపలేదు, ఎందుకో కింద చెబుతాను. నెలకు 6,200 తరుగు. గ్రాట్యుటీ డబ్బుతో తొమ్మిది నెలలు గడుస్తాయి. ఆ తొమ్మిది నెలలు వైద్యానికి, ఆ తర్వాత ఉద్యోగానికి.

గమనించారా, నా లెక్కలో ఆ 4,500 లేదు. మీరూ కొట్టేయండి. తాగుడు మానే ప్రయత్నంలో మళ్లీ మొదలవడం చాలామందికి జరుగుతుంది. ఆ మిగులును నమ్ముకుని బడ్జెట్ వేస్తే, ఒక్క రోజు తప్పినా లెక్కంతా పోయిందనిపించి మర్నాడు ఇంకా తాగుతారు. మిగిలితే మిగలనివ్వండి. నగల వడ్డీకి పనికొస్తుంది.

వైద్యం ఖర్చు ఎంతవుతుందోనని మీ భయం. మీ జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కట్ అయి ఉండాలి, స్లిప్పులో చూసుకోండి. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా, ఏప్రిల్ నుంచి కట్టినదానికి (78 రోజులు నిండి ఉంటే) జనవరి నుంచి జూన్ దాకా వైద్యం అందుతుంది. అంటే ఉద్యోగం పోయినా వచ్చే జూన్ నెలాఖరు వరకు మీకు దారి ఉంది. అది కుదరకపోతే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉండనే ఉంది. తాగుడు గురించి, బైపోలార్ గురించి ఒకే డాక్టర్‌కు ఒకేసారి చెప్పండి. ఒకటి దాచి రెండోదానికి మందులు రాయించుకుంటే డబ్బూ దండగ, ఒంటికీ చేటు.

మాల వేసుకుంటే తాగుడు దానంతట అదే పోతుందని మీ బావమరిది అన్నారట. భక్తికి నేను అడ్డం చెప్పను. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్‌తో మాట్లాడాకే వేసుకోండి. అన్నంలో తెలియకుండా కలిపే పొడి అంటూ వేలకు వేలు అడిగేవాళ్లకు మాత్రం ఇంట్లో ఎవరూ పైసా ఇవ్వొద్దు. అందులో ఏముందో తెలియదు. తాగుడు మాన్పించడానికి వాడే ఒక రకం మాత్ర ఒంట్లో ఉండగా సారా తాగితే ఆసుపత్రిలో పడాల్సి వస్తుంది.

ఇంకా ఉద్యోగంలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. రాజీనామా రాయకముందే ఈఎస్‌ఐ డాక్టర్‌ను కలవండి. అర్హత ఉంటే జబ్బు సెలవులకు 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజులు ఇస్తారు. ఇంకా ఎక్కువ కాలం భృతి ఇచ్చే దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో సైకోసిస్ (ఏది నిజమో తెలియని స్థితికి చేర్చే మానసిక జబ్బు) కూడా ఉంది.

గ్రాట్యుటీ పడేది మీ ఖాతాలోనే. కాబట్టి అది రాకముందే మీరిద్దరూ బ్యాంకుకు వెళ్లి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలే జాయింట్ ఖాతా తెరవండి. "ఎవరైనా ఒకరు" అనే రకం వద్దు. పడిన రోజే 50,000 అందులోకి, మిగతాది మీ ఆవిడ ఖాతాలోకి. మీ ఫోన్లో యూపీఐ పరిమితి తగ్గించండి, క్రెడిట్ కార్డు బ్లాక్ చేయించండి. అలాగని మీ జేబు పూర్తిగా ఖాళీ చేయడం నాకు ఇష్టం లేదు. వారానికి 500 మీ చేతిలో ఉండాలి, లెక్క ఎవరూ అడగకూడదు. లేకపోతే మళ్లీ యాప్ వెతుకుతారు.

అప్పుల్లో ముందు బైక్ అమ్మండి. ఫైనాన్స్ వాళ్లకు కట్టగా మిగిలింది యాప్‌ల అప్పుకు. చాలకపోతే ఆ తక్కువైన మొత్తం మటుకే పీఎఫ్ నుంచి తీయండి. యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. నగలకు వడ్డీ కడుతూ గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, వేలం నోటీసు దాకా రానివ్వొద్దు. కార్డు బ్యాంకుకు ఉద్యోగం పోయిన సంగతి, వైద్యం సంగతి మెయిల్‌లో రాసి, బాకీని వాయిదాలుగా మార్చమని అడగండి. మినిమమ్ డ్యూ కడుతూ పోతే అసలు తరగదు. సిబిల్ స్కోరు (లోన్ ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది, పడనివ్వండి. ఈ ఏడాది మీకు కొత్త లోన్ అక్కర్లేదు. రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ కార్డు బాకీకి మీ ఆవిడ పూచీ సంతకం పెట్టలేదు కాబట్టి ఆవిడ కట్టాల్సిన పని లేదు, ఎవరు బెదిరించినా సరే.

ఎల్‌ఐసీ ప్రీమియం మాత్రం ఆపకండి. జబ్బు పేరు కాగితం మీదికి వచ్చాక కొత్త పాలసీ అంత తేలిగ్గా దొరకదు. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు కూడా జబ్బు దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా కవరేజీ ఇవ్వాలి.

ఉద్యోగం వేట ఇప్పుడే వద్దు. డాక్టర్ సరేనన్నాక వెతకండి. శ్రీసిటీలోనో, లాడ్జిలోనో నైట్ డ్యూటీకి 2,000 ఎక్కువ ఇస్తామంటే మాత్రం ఒప్పుకునే ముందు డాక్టర్‌ను అడగండి. నిద్ర చెడితే బైపోలార్ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. చేరిన చోట పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల గుర్తింపు) నంబరే ఇవ్వండి.