ఇంటి లెక్కలన్నీ ఒక్కరి తలలోనే ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. ఇద్దరమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. రెండు జీతాలు వస్తున్నా ఇరవయ్యో తేదీకల్లా చేయి ఖాళీ అవుతోంది. గడువులు మరచిపోయి జరిమానాలు కడుతున్నాం, రాత్రుళ్లు ఓపిక లేక బయటినుంచి తెప్పించుకుంటున్నాం. గ్యాస్ బుకింగు నుంచి అత్తయ్యగారి బీపీ మాత్రల వరకు అన్నీ నేనే గుర్తుపెట్టుకోవాలి. మావారు ‘చెబితే చేస్తాను కదా, నీకే పద్ధతి లేదు’ అంటారు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గాడిన పడుతుందా?

సమాధానం: మీకు పద్ధతి లేదన్న మాటను మీరు నమ్మవద్దు. ఆఫీసు పని, ఇద్దరు పిల్లలు, పెద్దావిడ ఆరోగ్యం చూసుకుంటూ, వాటన్నిటి తేదీలనూ ఒక్కరే మోస్తున్నప్పుడు కొన్ని జారిపోవడం సహజం. మీ ఇంట్లో లోపించినది శ్రద్ధ కాదు, బాధ్యతల పంపకం.

‘చెబితే చేస్తాను’ అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. చెప్పాలంటే ముందు మీకు గుర్తుండాలి, సమయం చూసి చెప్పాలి, చేశారో లేదో మళ్లీ అడగాలి. చేయడం తప్ప మిగిలిన పనంతా మీ మీదే ఉంటుంది. కాబట్టి మీవారిని సాయం అడగకండి, కొన్ని విషయాలను పూర్తిగా ఆయనకు అప్పగించండి. బిల్లులు, ఫీజులు, బీమా ఆయనవి అనుకుంటే, గడువు తెలుసుకోవడం నుంచి కట్టి రసీదు దాచడం వరకు అన్నీ ఆయనే చూసుకోవాలి, మీరు గుర్తుచేయకూడదు. మొదటి నెలలో ఒకటి రెండు తప్పినా ఓర్చుకోండి. ఈ మాట జరిమానా పడిన రోజు కాకుండా, పిల్లలు పడుకున్నాక ఒక శనివారం రాత్రి ప్రశాంతంగా ఎత్తండి.

డబ్బు విషయంలో ముందుగా క్రెడిట్ కార్డు సంగతి చూడండి. గడువులోగా బిల్లులో కనీస మొత్తం మాత్రమే కడితే ఆలస్య రుసుము తప్పుతుందేమో గాని, వడ్డీ కొన్న తేదీ నుంచే లెక్కకు వస్తుంది, కొత్తగా కొన్నవాటికీ వడ్డీలేని గడువు పోతుంది. చాలా కార్డులపై ఆ వడ్డీ నెలకు 3 శాతానికి పైమాటే. ఇతర పొదుపుల కంటే ముందు ఆ బాకీ తీర్చండి. కరెంటు, ఫోను, ఇంటర్నెట్ బిల్లులకు ఆటోపే పెట్టుకోవచ్చు; ఇలాంటి చెల్లింపులు 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ లేకుండానే జరుగుతాయి, 24 గంటల ముందు సందేశం కూడా వస్తుంది. జీతం పడిన రెండు మూడు రోజులకు ఆ తేదీలు ఉండేలా చూసుకుంటే ఖాతా ఖాళీగా ఉన్నప్పుడు చెల్లింపు తప్పే ప్రమాదం తగ్గుతుంది. మిగిలిన తేదీలను గోడమీది తెలుగు క్యాలెండరులో రాయండి. అత్తయ్యగారు తిథి చూసుకునే చోటే అవి ఉంటే ఇంటిల్లిపాదికీ కనబడతాయి.

ఊరి ప్రయాణాలూ ఆ క్యాలెండరులోకే చేరాలి. 2024 నవంబరు నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే దొరుకుతున్నాయి కనుక, సంక్రాంతికి గుంటూరు వెళ్లాలంటే నవంబరు రెండో వారంలోనే మేలుకోవాలి. పండుగ ముందు ప్రైవేటు బస్సులకు మీరు పెట్టే ఖర్చులో చాలా భాగం ఈ ఒక్క గుర్తుతో మిగులుతుంది.

వంట దగ్గర పెద్ద ప్రణాళికలు వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చాక ఎవరికీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు, అందులో మీ తప్పు లేదు. మీ డబ్బు పోయేది ఆదివారం బిర్యానీకి కాదు, ‘ఈ పూట ఏం వండాలి’ అని తోచని రాత్రులకు. ఆ రాత్రుల కోసం ఇంట్లో కందిపొడి, ఒక ఊరగాయ, ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి ఎప్పుడూ ఉండేలా చూసుకోండి; కుక్కరులో అన్నం ఉడికితే చాలు. కూరగాయలు వారానికోసారి, అక్కడి రైతుల సహకార దుకాణమైన హాప్‌కామ్స్‌లోనో సంతలోనో తెచ్చుకుంటే, కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిచి, డెలివరీ రుసుము తప్పించుకోవడానికి అక్కరలేని నాలుగు వస్తువులు చేర్చే అలవాటు తగ్గుతుంది. సరుకుల పట్టీ రాయడం అత్తయ్యగారికి ఇష్టమేమో అడిగి చూడండి. ఆవిడ ఒప్పుకుంటే అది ఆవిడ పెత్తనంగానే ఉండనివ్వండి, మీరు దిద్దవద్దు.

ఇక ఉద్యోగం. ఇప్పుడు మానేస్తే ఒక జీతం తగ్గుతుంది, గుర్తుపెట్టుకునే భారం మాత్రం మొత్తంగా మీకే స్థిరపడుతుంది. మూడు నెలలపాటు పనులు పంచుకుని, ఖర్చులు ఒకే పుస్తకంలో ఇద్దరూ రాయండి. ఆ తరువాత కూడా పిల్లల కోసమో మీ ఆరోగ్యం కోసమో మానాలనిపిస్తే, ఆ లెక్కలు ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.