వంతెన పని మొదలైతే బండ్లు ఎటు పోవాలి?

ప్రశ్న: మాది రాజోలు పక్క పల్లె. ఊరి చివర కాలువ మీద పాత వంతెన తీసి కొత్తది కడుతూ, హైవేని వెడల్పు చేస్తున్నారు. సగం రోడ్డు తవ్వేశారు. మిగతా సగంలోనే రెండు వైపుల బండ్లూ పోవాలి. అటొకరు, ఇటొకరు ఎర్రజెండాలు పట్టుకుని ఉంటారు. చీకటి పడితే వాళ్లూ ఉండరు. మా పాప స్కూలు బస్సు ఎప్పుడొస్తుందో తెలియక రోజూ టెన్షన్. ఇదంతా భరించాల్సిందేనా? దీనికో పద్ధతి లేదా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇందుకోసమే ఎస్‌పీ 55 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో వాటిని సవరించింది. వాటి ప్రకారం పని జరిగే చోటు నాలుగు భాగాలు: ముందుగా హెచ్చరించేది, బండిని పక్కకి మళ్లించేది, అసలు పని స్థలం, మళ్లీ మామూలు దారిలోకి వదిలేది. చాలాచోట్ల మనకు మూడోది ఒక్కటే కనిపిస్తుంది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. గొయ్యి పక్కనే బోర్డు పెడితే చదివే టైమేదీ?

మీ బస్సు ఆలస్యానికి అసలు కారణం ఒంటి దారి పొడవు. అర కిలోమీటరు మేర బండ్లు 20 కిలోమీటర్ల వేగంతో కదిలితే చివరి బండి దాటడానికే నిమిషంన్నర. అంతసేపూ ఎదుటివాళ్లు ఆగాలి. బండ్లను ఇటు ఆపి అటు వదిలిన ప్రతిసారీ ఇదే. కిలోమీటరు తవ్వితే మూడు నిమిషాలు. వంతెన పని వంద మీటర్లలోనే ఉన్నా, మిషన్ ఎలాగూ వచ్చింది కదా అని కాంట్రాక్టర్లు పొడుగునా తవ్వేస్తారు. రోడ్డు పనుల ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వాళ్లతో నేను గట్టిగా పోట్లాడింది దీని మీదే. తవ్విన ముక్క పూర్తిచేశాకే తర్వాతి ముక్క మొదలుపెట్టాలి.

జెండా పట్టుకున్న ఇద్దరూ ఒకరికొకరు కనిపించాలి. మధ్యలో మలుపు ఉంటే వాకీటాకీ ఇవ్వాలి, లేదా మూడో మనిషిని పెట్టాలి. సైట్‌లో అందరికన్నా ముఖ్యమైన పని వాళ్లదే. మెరిసే జాకెట్టు, కాస్త నీడ, మంచినీళ్లు, అన్నానికి వెళ్తే మారుమనిషి - ఇవేవీ లేకుండా ఎండలో నిలబెట్టడం అన్యాయం. సాయంత్రం పని ఆగినా గొయ్యి అక్కడే ఉంటుంది. కాబట్టి రాత్రి దీపాలు, లైటు పడితే మెరిసే బోర్డులు, కాలువ వైపు గట్టి అడ్డు ఉండాలి. సున్నం కొట్టిన రాళ్లతో సరిపెట్టకూడదు.

కోనసీమలో ఇంకో చిక్కుంది. కాలువలో పునాది వేయాలంటే వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసినప్పుడే వీలు. సరిగ్గా అప్పుడే దాళ్వా (రబీ) ధాన్యం ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. ఆ అదును తప్పితే సార్వా (ఖరీఫ్) కోతలు, వెంటనే సంక్రాంతి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది రథోత్సవం. ఈ లెక్కంతా చూసుకుని, మొదటి గునపం దిగకముందే ట్రాఫిక్ ప్లాను తయారుకావాలి. తీర్థాల రోజుల్లో పని ఆపి రోడ్డు వదలాలని అందులోనే రాయాలి.

లారీల్ని మీ ఊరి దాకా రానిచ్చి వెనక్కి తిప్పమంటే తిరగలేవు. కాకినాడ వైపు పోయేవాటికి పాలకొల్లులోనే, చించినాడ వంతెన ఎక్కకముందే చెప్పాలి. అటునుంచి వచ్చేవాటిని అమలాపురం దగ్గరే కొత్తపేట, రావులపాలెం మీదుగా పంపాలి. కాలువ గట్టు మీదికి మాత్రం భారీ బండ్లను మళ్లించకూడదు. అది నీటిని ఆపడానికి పోసిన మట్టి. వాన పడితే టైరు దిగబడి, బండి కాలువలోకి ఒరుగుతుంది. బైకులు, ఆటోలు, కార్లు చాలు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఇలా కొన్ని రకాల బండ్లను ఆపే అధికారం ఉంది.

మీరు చేయగలిగింది: సమాచార హక్కు కింద ఆ పని తాలూకు ట్రాఫిక్ ప్లాను కాపీ అడగండి. రాత్రి ఫోటోలు తీసి, కలెక్టరు గారికిచ్చే అర్జీకి జతచేయండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి. స్కూలు బస్సు వచ్చే వేళల్ని రాసిచ్చి, ఆ సమయంలో ముందు దాన్ని వదలమని సైట్ ఇంజనీరును అడగండి. ఇది చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ప్రశ్న: కొత్తగా వేసిన రోడ్డు లేను ఇంకా తెరవలేదు, ఖాళీగానే ఉంది. ధాన్యం ఆరబోసుకోవచ్చా అండీ?
- ఒక రైతు, పాలకొల్లు

జవాబు: వద్దండీ. మీ కష్టం నాకు తెలుసు, కళ్లం చేసుకునే ఖాళీ జాగా ఎక్కడా మిగల్లేదు. కానీ రోడ్డు పనిలో లేన్లు రాత్రికి రాత్రి మారుతుంటాయి. నిన్న మూసి ఉన్న లేనులోకే ఇవాళ బండ్లను వదలొచ్చు. బరకం చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో బైకు మీద వచ్చేవాడికి కనబడవు. నలుగురు రైతులు కలిసి మార్కెట్ యార్డులోనో, స్కూలు సెలవుల్లో ఆ ఆవరణలోనో చోటు అడగండి.