సాయంత్రానికి దొరకని కనెక్షన్లు

ప్రశ్న: రొయ్యల కొనుగోలు లెక్కల కోసం జావాలో రాసిన అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) మీద నడుపుతున్నాము. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రతి ఫంక్షన్ జావాలోని డ్రైవర్‌మేనేజర్ ద్వారా డేటాబేస్‌కు కొత్త కనెక్షన్ తీసుకుంటుంది. పొద్దున్న బాగానే ఉంటుంది కానీ, సాయంత్రం పట్టుబడి కాటాలు ఎక్కించే వేళకు ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అంటూ ఆగిపోతోంది. టామ్‌క్యాట్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే మర్నాటి దాకా ఇబ్బంది లేదు. డేటాబేస్‌లో పరిమితి పెంచమంటారా, కనెక్షన్ పూల్‌కు మారమంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆపి మొదలుపెడితే మర్నాటి దాకా ఇబ్బంది లేదన్న మాటలోనే రోగం ఆనవాలు దొరుకుతోంది. రద్దీ ఒక్కటే కారణమైతే రద్దీ తగ్గగానే సర్దుకోవాలి. మీ దగ్గర మాత్రం తీసుకున్న కనెక్షన్లు మూతపడక పొద్దుటి నుంచి పేరుకుపోతున్నట్టుంది. పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో 100 కనెక్షన్లను అనుమతించి, వాటిలో 3 సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న నిర్వాహక ఖాతా) కోసం అట్టిపెడుతుంది కనుక మీకు మిగిలేవి 97. ఒక్కో కనెక్షన్‌కు అక్కడ ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది కాబట్టి, పరిమితిని 300 చేస్తే మెమరీ ఖర్చు పెరుగుతుంది, ఆగిపోవడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఈసారి ఆగినప్పుడు టామ్‌క్యాట్‌ను ముట్టుకోకుండా, సూపర్‌యూజర్‌గా వెళ్లి, ఉన్న కనెక్షన్లను వరుసకొకటిగా చూపే ‘పీజీ_స్టాట్_యాక్టివిటీ’ చూడండి. స్టేట్ గడిలో ‘ఐడిల్’ (ఖాళీగా ఉంది) అని ఉండి గంటల తరబడి కదలని వరుసల్లో, చివరిగా నడిచిన క్వెరీ కూడా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని వెళ్తే తప్పు జరిగిన ఫంక్షన్ దొరుకుతుంది. సాధారణంగా అక్కడ కనిపించేది ఇది: ఫంక్షన్ చివరి వరుసలో క్లోజ్ రాసే ఉంటుంది, కానీ మధ్యలో ఎక్కడో ‘కాటా బరువు సున్నా అయితే రిటర్న్’ అని ఉండటం వల్ల ఆ చివరి వరుస నడవనే నడవదు. జావా 7 నుంచి ఉన్న ట్రై-విత్-రిసోర్సెస్ పద్ధతిలో కనెక్షన్ తీసుకుంటే, మధ్యలో రిటర్న్ అయినా, ఎక్సెప్షన్ వచ్చినా అది తనంతట తానే మూతపడుతుంది.

ఆ తరువాత పూల్‌కు తప్పక మారండి. నరసాపురం రేవులో ప్రయాణికుడికొక పంటు (గోదావరి దాటించే పడవ) కట్టించరు కదా. ఉన్న పంట్లే అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లికి వెళ్లి వస్తుంటాయి. పూల్ పని కూడా అంతే: తెరిచి ఉంచిన కనెక్షన్లనే చేతులు మారుస్తుంది, క్లోజ్ అంటే మూయకుండా వెనక్కి తీసుకుంటుంది. టామ్‌క్యాట్ కాంటెక్స్ట్ ఫైలులో (అప్లికేషన్ అమరికల ఫైలు) డేటాసోర్స్‌ను, అంటే డేటాబేస్ వివరాలతో కూడిన పూల్‌ను ప్రకటించి, ప్రోగ్రాములో దాన్ని జేఎన్‌డీఐ (పేరు చెప్పి వనరును తెచ్చుకునే జావా పద్ధతి) పేరుతో అడిగితే చాలు. పాస్‌వర్డ్‌ను కూడా ఇక కోడ్‌లో రాయనక్కర్లేదు.

అయితే ఈ లీకు, అంటే కనెక్షన్లు మూతపడకుండా మిగిలిపోవడం, కట్టకుండా మారితే మరింత చిక్కు. టామ్‌క్యాట్ మామూలు పూల్‌లో గరిష్ఠ సంఖ్య 8, ఎదురుచూసే గడువు అనంతం. అంటే, ఎర్రర్ కూడా రాకుండా తెరలు ఊరికే బిగుసుకుపోతాయి. అందుచేత ఎదురుచూసే గడువైన ‘మాక్స్‌వెయిట్‌మిల్లిస్’ను 10000గా, అంటే 10 సెకన్లుగా పెట్టండి. వదిలేసిన కనెక్షన్లను వెనక్కి లాక్కునే ‘రిమూవ్‌అబాండన్డ్‌ఆన్‌బారో’తో పాటు ‘లాగ్‌అబాండన్డ్’ను కూడా ట్రూ చేస్తే, కనెక్షన్ తీసుకుని వదిలేసిన చోటు లాగ్‌లో పడుతుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ జార్‌ను (జావాను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ ఫైలు) మాత్రం మీ అప్లికేషన్ ఫోల్డరులో కాక టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డరులో ఉంచండి.