ముందు పొయ్యి చూడు

అమ్మాయీ,

వియత్నాంలోని మెకాంగ్ డెల్టా పల్లెల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. నది బాగుంది, కొబ్బరితోటలు బాగున్నాయి, అందరి నవ్వులూ ఉన్నాయి. పొయ్యి మాత్రం ఎక్కడా కనపడలేదు. పొయ్యిలో ఏం మండుతోంది? అక్కడ మొదలుపెట్టి మళ్లీ రాయి.

చాలాచోట్ల మండేది ఊకే. కాయ్ బేలో పేలాల మూకుడు కిందా, మాంగ్ థిట్ ఇటుక బట్టీల్లోనూ అదే. ఊక చప్పున మండి ఆరిపోతుంది. అందుకే పక్కనే ఒకరు కూర్చుని కొద్దికొద్దిగా తోస్తూ ఉండాలి. బట్టీకైతే వారాల తరబడి, రాత్రింబవళ్లూ ఇదే పని. మాంగ్ థిట్‌లో కాలవ ఒడ్డున చల్లారిపోయిన బట్టీలు చాలా ఉన్నాయి. ఊక ధర పెరగడం అందుకో కారణం. 'అంతరించిపోతున్న కళ' అని నువ్వు తేల్చేసినచోట ఈ లెక్క రావాలి.

బియ్యపు రేకుల దగ్గర ఇంకాస్త ఆగు. నానిన బియ్యాన్ని పల్చగా రుబ్బుతారు. బెన్ చే దగ్గరి మీ లోంగ్‌లో అందులో కొబ్బరిపాలూ కలుపుతారు. మరుగుతున్న నీళ్ల కుండ మూతికి గుడ్డ బిగించి, దానిమీద గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పి మూత పెడతారు. ఆవిరికి ఉడకగానే పుల్లతో లేపి తడిక మీద పరుస్తారు. గుడ్డ వదులైతే మధ్యలో పిండి చేరి రేకు అక్కడ మందంగా వస్తుంది. సరిగ్గా ఎండకపోతే బూజు, మరీ ఎండితే పెళుసు.

ఆత్రేయపురం పూతరేకుతో పోల్చావు. మంచిదే, కానీ తేడా వదిలేశావు. పూతరేకుకి పిండిలో తడిపిన గుడ్డను కాలిన కుండ మీద లాగితే చాలు, రేకు అక్కడికక్కడే ఆరిపోతుంది. మెకాంగ్ రేకుకి ఎండ కావాలి. అందుకే తెల్లవారకముందే పొయ్యి వెలుగుతుంది. పది గంటలకు పడవ దిగినవాళ్లకి చాలాసార్లు దక్కేది ప్రదర్శనే (మంచి ఫొటోలు మాత్రం వస్తాయి). ముందురోజే పడవవాడితో మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరు.

'ఎన్ని తరాలుగా చేస్తున్నారు?' అని అడక్కు. ప్రతి యాత్రికుడూ అదే అడుగుతాడు, జవాబూ అరిగిపోయి ఉంటుంది. ఊక ఎక్కణ్నుంచి వస్తుంది, బస్తా ఎంత, వాన పడితే తడికలు ఎక్కడ పెడతారు, ఏ రేకు పక్కన పారేస్తారు, ఎందుకు అని అడుగు. దుబాసీ రెండు నిమిషాల జవాబుని ఒక్క ముక్కలో తేల్చేస్తే, మళ్లీ అడిగించు.

కొబ్బరి మిఠాయి పేరా కుదించు. ఉంచాల్సింది ఒక్కటి: మిఠాయికి ముందు చుట్టేది తినదగిన బియ్యపు రేకే. అది లేకపోతే జిగురు మిఠాయి పై కాగితానికి అంటుకుపోతుంది. రేకుల పేరా నుంచి నేరుగా ఇక్కడికి రావచ్చు, మధ్యలో సూర్యాస్తమయం అక్కర్లేదు.

ఊళ్ల పేర్లు సరిచూసుకో. 2025 జూలై 1 నుంచి బెన్ చే, విన్ లాంగ్ రాష్ట్రంలో కలిసింది. కాయ్ బే ఉన్న టియెన్ జాంగ్, డోంగ్ థాప్‌లో కలిసింది. నీ చేతిలోని గైడు పాతదైతే పాత పేర్లే ఉంటాయి. పాతదీ కొత్తదీ రెండూ రాయి.

ఆశీస్సులతో.