ఒకే గదిలో రెండు తరగతులు: గొడవ పుట్టే చోటు ముందు పట్టుకోండి

టీచర్ గారూ, మీరు అడిగింది ఇది: కొత్తగా ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరారు, గుంటూరులో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి, నాలుగో తరగతి ఒకే గదిలో, పిల్లలు ముప్పై దాటారు. సాయంత్రానికి గొంతు పోతోంది, పాఠం మాత్రం సగం కూడా కావడం లేదు, వీళ్లను అదుపులో పెట్టడం ఎలా అన్నారు. నేనూ ఎస్జీటీనే. గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గర్లోని ఒక బడిలో చాలా ఏళ్లు ఇలాంటి గదిలోనే చెప్పాను, ఇప్పుడు విజయవాడలో పనిచేస్తున్నాను. కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు.

ముందుగా ఒక మాట. ఇది మీ ఒక్కరి తలరాత కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారమే అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులేమో అయిదు. అంటే తరగతులు కలిపి చెప్పడం మన దగ్గర మామూలు సంగతి. శిక్షణలో మాత్రం ఒక టీచరు, ఒక తరగతి, ఒక పాఠం అన్నట్టే నేర్పుతారు. అందుకే చేరిన కొత్తలో అందరికీ దిమ్మ తిరుగుతుంది.

నేను గమనించినంతలో గొడవ పాఠం నడుస్తున్నప్పుడు పుట్టదు. పిల్లవాడికి చేతిలో పని లేని నిమిషాల్లో పుడుతుంది. మీరు ఫోనులో హాజరు వేస్తున్నప్పుడు, నోటుపుస్తకాలు పంచుతున్నప్పుడు, ఒక్కొక్కరినీ పిలిచి దిద్దుతున్నప్పుడు, మూడో తరగతికి చెబుతుంటే నాలుగో తరగతి గోడలు చూస్తున్నప్పుడు. ఒక వారం పాటు, గొంతు పెంచాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ సమయాన్ని, అప్పుడు మీరేం చేస్తున్నారో దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. అవే నాలుగైదు సందర్భాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. సర్దుకోవలసింది వాటిని. పిల్లల స్వభావాన్ని మార్చే పని పెట్టుకోకండి.

హాజరు సంగతి తేలిక. ప్రార్థన నుంచి పిల్లలు గదిలోకి వచ్చేసరికే బోర్డు మీద పని ఉండాలి. మూడో తరగతికి ఒత్తులున్న పది మాటలు, నాలుగో తరగతికి నాలుగు లెక్కలు. ముందురోజు సాయంత్రమే రాసి వెళ్లండి. రోజూ అదే చోట, అదే రకం పని ఉంటే మీరు చెప్పకుండానే సంచి దించి రాయడం మొదలుపెడతారు. ఈలోగా మీ యాప్ ఎంత సతాయించినా ఫరవాలేదు.

ఇక అసలు చిక్కు రెండు తరగతులది. గదిలో రెండు బోర్డులుంటే రెండు తరగతులనూ వేర్వేరు గోడల వైపు తిప్పి కూర్చోబెట్టండి. ఒకటే ఉంటే మధ్యలో గీత గీయండి. జంట బల్లలు బరువే అయినా ఒక్కసారి జరిపి, మీరు ప్రతి పిల్లవాడి దగ్గరికీ నడిచి వెళ్లేంత దారి వదలండి. మీరు కుర్చీకి అతుక్కుపోయారంటే చివరి బల్లలో వేరే ప్రభుత్వం ఏర్పడుతుంది.

తర్వాత క్రమం. ముందు నాలుగో తరగతికి రెండు మూడు నిమిషాల్లో పని అప్పగించి, ఇరవై నిమిషాలు మూడో తరగతికి చెప్పండి. తర్వాత వీళ్లకు పని, వాళ్లకు పాఠం. ఆ అప్పగించే పని ఏమిటన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ‘పాఠం చూసి రాయండి’ అంటే చురుకైన పిల్లలు అయిదు నిమిషాల్లో ముగించి పక్కవాడి జుట్టు లాగుతారు, చదవడం రానివాళ్లు అక్షరాల బొమ్మలు గీస్తూ గంట గడుపుతారు. పిల్లవాడు తన పని సరిగ్గా వచ్చిందో లేదో తనే చూసుకోగలిగేదిగా ఉండాలి. పాత క్యాలెండరు అట్టలు ముక్కలు చేసి ముందు పక్క లెక్క, వెనక జవాబు రాయండి. జంటలుగా కూర్చోబెట్టి ఒకరు మాటలు చెబితే ఇంకొకరు రాసి, పుస్తకంలో చూసి దిద్దుకోమనండి. మన పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్నాయి కదా, ఒకరు ఈ పేజీ చదివితే ఇంకొకరు ఆ పేజీలో అదే వాక్యం వెతకాలి. ఇందులో కొంత గుసగుస ఉంటుంది. ఉండనివ్వండి. బొత్తిగా చప్పుడు లేని గది అధికారులకు నచ్చుతుందేమో గానీ, అందులో చదువు సాగుతోందని నమ్మకం లేదు.

ఈ కార్డుల పద్ధతి నా సొంత తెలివి కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం మెట్లు మెట్లుగా నేర్చుకునే కార్డులు తయారు చేశారు. పిల్లవాడు తన మెట్టు ఎక్కడుందో చూసుకుని కార్డు తనే తీసుకుంటాడు. తమిళనాడు దాన్ని చెన్నై నగరపాలక బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా పాకించింది. మీరు అంత పెద్ద ఏర్పాటు చేయలేకపోయినా లెక్కలకు ఒక డబ్బా, తెలుగుకు ఒక డబ్బా చాలు.

అన్నీ విడివిడిగా చెప్పాలనీ లేదు. పరిసరాల విజ్ఞానంలో నీళ్లు, తిండి, ఇల్లు వంటి విషయాలు రెండు తరగతులకూ కలిపే చెప్పి, రాసే ప్రశ్నలు మాత్రం వేరుగా ఇవ్వండి. కథలు, గేయాలు కూడా అంతే. లెక్కలు కలపకండి, అక్కడ ఎవరికీ న్యాయం జరగదు. చదవడం నేర్పే గంటలో మాత్రం తరగతి గీతలే చెరిపేయండి. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, మాటలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు, కథ చదివేవాళ్లు అని నాలుగు గుంపులు చేయండి. ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో పిల్లల చదువును కొలిచే మెట్లు ఇవే. నాలుగో తరగతిలో అక్షరాల దగ్గరే ఆగినవాడు మీ గదిలో తప్పకుండా ఉంటాడు. ఎక్కువ అల్లరి వాడిదే అని మీకు తొందరలోనే తెలుస్తుంది. పాపం, వాడికి అర్థం కాని పాఠం ముందు రోజంతా కూర్చోవడం కన్నా అల్లరే నయం.

వస్తువులకు చోటు ఉండాలి. ‘టీచర్, నా పెన్సిలు పోయింది’ అన్న ఫిర్యాదు రోజుకు ఎన్ని నిమిషాలు తింటుందో లెక్క వేస్తే మతిపోతుంది. మూతలేని ఒక డబ్బాలో గది పెన్సిళ్లు పెట్టండి. పోయినవాడు అడగకుండా తీసుకుని, ఇంటికి వెళ్లేటప్పుడు వేసి వెళ్లాలి. చెక్కడం చెత్తబుట్ట దగ్గరే. నోటుపుస్తకాలు వరుసల వారీగా పేర్చి, వరుసకు ఒకరు పంచాలి. ‘ఒంటికి, టీచర్’ అని ఒకడు లేచాడంటే వెంట పదిమంది లేస్తారు, అందుకని తలుపు పక్క మేకుకు రెండు చెక్కముక్కలు తగిలించాను, మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి. ముక్క ఉంటే తీసుకుని వెళ్లాలి, లేకపోతే ఆగాలి. నన్ను అడగక్కర్లేదు. మంచినీళ్లకు మాత్రం అందరికీ ఒకేసారి గంట.

లీడర్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించి, పేరు పక్కన ఇంటూ మార్కులు పెట్టించే అలవాటు మానేయండి. ఆ పెత్తనం దొరికిన పిల్ల రబ్బరు ఇచ్చినవాళ్ల పేరు చెరిపేస్తుంది, ఇంటర్వెల్‌లో తగవులు మొదలవుతాయి. పిల్లలకు పనులివ్వండి, పెత్తనం వద్దు. బోర్డు తుడవడం, కిటికీలు తీయడం, కార్డుల డబ్బా చూసుకోవడం వంటివి వారానికొకరికి మార్చండి. అక్షరాల దగ్గర ఆగినవాడికి డబ్బా అప్పగించి చూడండి.

కొంతమంది తల్లిదండ్రులు వచ్చి ‘కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి టీచర్’ అంటారు, అదీ ఎంతో ప్రేమగా. నవ్వి ఊరుకోండి. విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా బెత్తం పని చేసేది మీరు గదిలో ఉన్నంతసేపే, ఒకే గదిలో రెండు తరగతులు నడిపే మనకు మన చూపు పడనప్పుడు కూడా నడిచే ఏర్పాటు కావాలి. ఇక నిబంధనల చార్టులు, నక్షత్రాల స్టిక్కర్లు ఉంటే ఉండనివ్వండి, వాటి మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

గుంటూరు కాబట్టి ఒకటి చెప్పాలి. మిర్చి కాలంలో తల్లులు తొడిమలు తీసే పనికి వెళ్తారు. తమ్ముణ్ణో చెల్లెల్నో చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. మీ బడి యార్డు వైపు ఉంటే గాలిలో ఘాటుకు తుమ్ములు, కళ్ల మంట అదనం. పది రోజులు రాని పిల్ల తిరిగొచ్చిన రోజు గది పద్ధతే మరిచిపోయి ఉంటుంది. అలాంటివారికి ముందే ఒక జతను నిర్ణయించి ఉంచండి, ఎక్కడిదాకా వచ్చామో ఆ జతే చూపిస్తుంది. ఎందుకు రాలేదని అందరిముందూ నిలదీయకండి. ఇంటికి ఫోను చేయాలంటే రాత్రి పూట చేయండి, పగలు పనిలో ఉన్నవాళ్లు ఎత్తరు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ సర్దుబాటంతా కొంచెం మార్చాలి. చాలామంది ఉదయం ఏమీ తినకుండా వస్తారు, భోజనం బడి ముగిశాక కానీ రాదు. చదవడం, లెక్కలు మొదటి రెండు గంటల్లోనే ముగించండి. పదకొండు దాటాక బొమ్మలు, గేయాలు, మీరు చదివి వినిపించే కథ పెట్టుకోండి. ఆ వేళలో కొత్త పాఠం ఎత్తుకుంటే ఏ డబ్బా, ఏ చెక్కముక్కా పని చేయదు.